మొప్ప ఎత్తి చూసే డాక్టరమ్మ

ముందే చెప్పేస్తున్నాను, నేను పెంచి చెబుతాను. దాన్ని నేను అబద్ధం అనుకోను. ఉన్నదానికి కాస్త గాలికొట్టి నిలబెట్టడం, అంతే. మా ఇంటిముందు జానెడు మంచు పడితే ఫోన్‌లో మా అన్నయ్యకి మెయిల్‌బాక్సు మునిగిపోయిందని చెబుతాను. మా ఆవిడ నేను చెప్పినదాంట్లో సగం కొట్టేసి, మిగిలిన సగాన్ని ఇంకెవరినైనా అడిగి, అప్పుడు నమ్ముతుంది. మా కాపురం ఇన్నేళ్లూ అలాగే సాగింది. కాబట్టి ఇప్పుడు రాసేదాంట్లోనూ గాలి ఉంటుంది. అయితే ఈసారి ఒక మాట ఇస్తున్నాను. ఇందులో నేను పూర్తిగా కల్పించింది ఒకే ఒక్కటుంది. అదేదో చివర్లో నేనే ఒప్పుకుంటాను. మిగతాదంతా ఎంత విడ్డూరంగా ఉన్నా జరిగిందే.

పోయిన శనివారం ఇక్కడ మిషిగన్‌లో మా పక్కూరు ఫార్మింగ్టన్ హిల్స్‌లో మన సరుకుల కొట్టుకి వెళ్లాను. కొట్టు వెనకభాగంలో చేపల కౌంటర్. అక్కడుండే అబ్బాయిది బాపట్ల. నేను ట్రౌట్ చేప ఒకటి చూపించగానే వాడు దాన్ని ఐసులోంచి తీసి, నేనేమీ అడక్కుండానే, బొటనవేలితో దాని చెంప మూత ఎత్తి లోపలి మొప్పలు నాకు చూపించాడు.

"చూడన్నా, మందారపువ్వులా ఉంది."

"నేను అడగలేదే?"

"అలవాటైపోయిందన్నా. మీ డాక్టరమ్మ చేసిన అలవాటు. చూపించకపోతే నన్ను ఆ ఐసులో పడుకోబెట్టి నా మొప్పలు చూసేట్టుండేది. ఈమధ్య రావట్లేదేంటన్నా? ఇండియా వెళ్లారా?"

నేను నోరు తెరిచాను. మామూలుగా నా నోరు తెరుచుకుంటే మూయించడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఆరోజు దానంతటదే మూసుకుంది. "ఊఁ, రావట్లేదు" అని, చేప కూడా తీసుకోకుండా బయటికొచ్చి కారులో కూర్చున్నాను. ఆవిడ పోయి నెల దాటింది. ఎలా పోయారన్నది రాయను. ఆ ఒక్క సంగతి పెంచడానికీ తగ్గించడానికీ నాకు చేతులు రావు.

ఆవిడని మొదటిసారి చూసింది కూడా ఆ కౌంటర్ ముందే. నాలుగేళ్ల కిందటి మాట. నేనొక చేపని కళ్లు మెరుస్తున్నాయని ఎంచుకుని పట్టుకున్నాను. వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి దాన్ని లాక్కుంది. తిరిగి చూస్తే పొట్టి మనిషి. ఇద్దరు పట్టే చలికోటులో ఒక్కతే దూరి ఉంది. కళ్లజోడు మీద ఆవిరి పట్టేసి కళ్లు కనిపించడం లేదు. ఆ ఆవిరిలోంచే ఆవిడ చేప చెంప ఎత్తి, నగల కొట్టువాడు రాయిని చూసినట్టు చూసింది.

"ఇది వద్దు."

"ఎందుకండీ? కళ్లు మెరుస్తున్నాయి కదా."

"కళ్లదేముందయ్యా, చచ్చాక కూడా నటిస్తాయి. మొప్ప నటించదు. ఇదుగో, ఈ రేకుల అంచులు చూడు ఎలా మందంగా పాలిపోయి ఉన్నాయో. జిగురు పట్టేసింది. ఇది వలలో పడి చావలా. నీళ్లల్లో ఉండగానే ఊపిరాడక చచ్చింది."

"పొద్దున్నే వచ్చింది మేడమ్, ఫ్రెష్" అన్నాడు కౌంటర్ అబ్బాయి.

"వచ్చింది పొద్దున్నే. పోయింది ఎప్పుడో."

అని, ఐసు మీద వరసగా పడుకున్న చేపలన్నిటికీ ఒక్కొక్కటిగా చెంపలెత్తి చూడటం మొదలెట్టింది. మా వెనక క్యూ కొట్టు దాటి, పార్కింగ్ లాట్ దాటి, ఒహాయో సరిహద్దుదాకా పోయింది. ఎవరూ కిక్కురుమనలేదు. చివరికి ఒక చేపని తీసి నా చేతిలో పెట్టి, "ఇది తిను. ఇది ఆరోగ్యంగా చచ్చింది" అంది.

ఆవిడది కైకలూరు దగ్గర చెరువుల ఊరు. చిన్నప్పుడు వాళ్ల నాన్నగారు చెరువుగట్టున కూర్చోబెట్టి మొప్పలు చూడటం నేర్పించారట. ఆ చూపుని పట్టుకుని చదువుకుంటూ చదువుకుంటూ మిషిగన్‌దాకా వచ్చేసింది. ఇక్కడికి గంట దూరంలో ఓ యూనివర్సిటీలో చేపల రోగాల మీద పరిశోధన. చేప మొప్పల్లోకి బాక్టీరియా వస్తే మొప్ప ఏం చేస్తుంది, ఎంత చేస్తుంది, ఎప్పుడు ఆపుతుంది అన్నదే ఆవిడ పని. మేముండే నోవై ఊళ్లో తెలుగువాళ్లలో సగంమంది కార్లు తయారుచేస్తారు, మిగతా సగం కంప్యూటర్లు. చేపకి జలుబు చేస్తే చూసే మనిషి మాకు ఆవిడొక్కతే. అందుకని అందరికీ డాక్టరమ్మే. మా పిల్లలకి ఫిష్ ఆంటీ.

ఆవిడకి మీతో మాట్లాడుతూ మీ ఊపిరి లెక్కపెట్టే అలవాటుండేది. ప్రయోగశాలలో చేప చెంప ఎంత వేగంగా కొట్టుకుంటోందో చూసి, ఆ లయని కుడిచేతి చూపుడువేలితో తొడమీద కొడుతూ ఉంటుంది. కొట్టీకొట్టీ ఆ వేలు ఆవిడ మాట వినడం మానేసింది. తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లో పక్కన కూర్చున్నవాడు ఏదో చెబుతుంటే, ఆవిడ వేలు తొడమీద టక్, టక్, టక్ అని కొట్టుకుంటూ ఉండేది. ఉన్నట్టుండి, "ఏవయ్యా, వేగం పెరిగింది. గ్రీన్‌కార్డు సంగతికి వస్తున్నావా?" అనేది. నిజంగానే వాడు ఆ సంగతికే వస్తూండేవాడు.

ఇక కోపం. మిషిగన్‌ని ఆనుకుని నాలుగు మహాసరస్సులున్నాయని బళ్లో చెబుతారు. అయిదోది ఆవిడ కోపం. మంచు తోసే ట్రక్కువాడు ఒకసారి ఆవిడ డ్రైవ్‌వే మొదట్లో గుట్టంత మంచు పోసి పోబోయాడు. ఆవిడ చెప్పులతోనే బయటికొచ్చి అచ్చమైన కైకలూరు తెలుగులో అరిచింది. వాడికి తెలుగు రాదు. అయినా ప్రతిమాటా అర్థమై, వెనక్కొచ్చి, ఆవిడదే కాకుండా అటు మూడిళ్లూ ఇటు మూడిళ్లూ శుభ్రంచేసి, టోపీ తీసి దండంపెట్టి పోయాడు.

మొప్పల సంగతి నాకు ఆవిడ చెప్పింది ఉగాది కార్యక్రమంలో, ఒక హైస్కూలు హాల్లో, గుమ్మానికి ఎదురుగా కుర్చీల్లో కూర్చుని.

"మన ఊపిరితిత్తులు లోపలెక్కడో దాక్కుంటాయి. చేపకి ఆ సుఖం లేదు. దాని ఊపిరితిత్తి గుమ్మానికి తోరణంలా వేలాడుతూ ఉంటది. ఉల్లిపొర కంటే పల్చటి రేకులు. వాటిని నీళ్లు రాసుకుంటూ పోతేనే ఊపిరి. ఆ నీళ్లల్లోనే బాక్టీరియా. తలుపు వేస్తే ఊపిరాడక చస్తది, తెరిస్తే రోగమొచ్చి చస్తది. ఏం చెయ్యాలి చెప్పు?"

"కాపలా పెట్టాలి" అన్నాను, తెలివిగా.

"పెట్టింది. పైన జిగురుంది. జిగురులో యాంటీబాడీలున్నాయి, మొప్ప అక్కడికక్కడే తయారుచేసుకున్నవి. కింద రక్షణ కణాలు కాసుక్కూచుంటాయి. శత్రువు తగలగానే ఒకదాన్నొకటి కేకేసి పిలుచుకుంటాయి. అదుగో, అలాగ."

గుమ్మంలో పసుపు టీషర్టులు వేసుకున్న వాలంటీర్లున్నారు. ఎవడో చేతికి టిక్కెట్టు పట్టీ లేకుండా లోపలికి దూరబోయాడట. ఒక వాలంటీర్ కేకేస్తే మిగతా వాలంటీర్లందరూ ఉరికొచ్చి గుమ్మం నిండా నిలబడిపోయారు. పట్టీ లేనివాడు ఆ సందట్లో ఎప్పుడో జారుకుని పులిహోర దగ్గరికి చేరిపోయాడు. పట్టీలున్న కుటుంబాలన్నీ చంటిపిల్లలతో బయట చలిలో నిలబడ్డాయి.

"చూశావా? మొప్పలోనూ ఇంతే. కాపలావాళ్లే గుమ్మానికి అడ్డం. రేకులు వాచి, తడిసిన పుస్తకంలో కాగితాల్లా ఒకదానికొకటి అతుక్కుంటాయి. మధ్యలోంచి నీళ్లు పోవు. ఒక్కోసారి బాక్టీరియా చచ్చిపోయాక చేప చస్తది, తన వాపుతో తను. అందుకే మొప్పలో రెండు కేకలుంటాయి. రండి అనేది ఒకటి. ఇక చాలు, వెళ్లండి అనేది ఇంకోటి. ఆ రెండో కేక ఎవరేస్తారు, ఎప్పుడేస్తారు? అదీ నా ఉద్యోగం."

అంటూనే లేచి గుమ్మం దగ్గరికెళ్లి ఆ రెండో కేక తనే వేసింది. వాలంటీర్లు చెల్లాచెదురైపోయారు. వాళ్లలో ఇద్దరు ఆ తరవాత వేరే రాష్ట్రంలో ఉద్యోగాలు చూసుకున్నారు.

నేను చేసే ఉద్యోగం కార్లలో ఆక్సిజన్ సెన్సర్లు. ఇంజిన్ వదిలే పొగలో ప్రాణవాయువు ఎంత మిగిలిందో అవి కొలుస్తాయి. ఈ సంగతి తెలిసిన క్షణంనుంచి ఆవిడ నన్ను వదల్లేదు. "పొగగొట్టంలో ఊపిరి కొలిచేవాడివి, నా తొట్లలో కొలవలేవూ?" అని తన ప్రయోగశాలకి తీసుకుపోయింది. అక్కడ కిటికీలు లేని చల్లటి గదిలో వరసగా నీలం తొట్లు. ఒక్కోదాంట్లో జానెడు ట్రౌట్ చేపలు. నీటిలో ఆక్సిజన్ తగ్గితే మా ఫోన్లు మోగేలా నేనొక అలారం అమర్చిపెట్టాను. ఆవిడ ఫోన్, ఆవిడ దగ్గర మాస్టర్స్ చేస్తున్న అమ్మాయి ఫోన్, నా ఫోన్.

ఆ అమ్మాయి పేరు శ్రావణి. వరంగల్ పిల్ల, ఎఫ్-1 చదువు వీసా మీద వచ్చింది. సన్నగా ఉండేది. ఎంత సన్నగా అంటే గదిలో ఫ్యాన్ వేస్తే తొట్టి పట్టుకునేది. ఆ తొట్లన్నీ ఆమె థీసిస్. సగం తొట్లలో చేపలని కొన్ని వారాల కిందటే చచ్చిన బాక్టీరియా కలిపిన నీళ్లలో కాసేపు ముంచి తీశారు. మిగతా సగాన్ని ముంచలేదు. ఇప్పుడు అన్నిటికీ బతికున్న బాక్టీరియా తగిలిస్తారు. ముందు ముంచిన చేపల మొప్పలకి ఆ సంగతి గుర్తుంటుందా? గుర్తుంటే, చాలినంత పోట్లాడి వేళకి ఆపుతాయా? తేలాల్సింది అదే. తేలితే శ్రావణి చదువు పూర్తవుతుంది. తేలకపోతే మళ్లీ చేపల్ని పెంచి మొదట్నుంచీ చేయడానికి ఆమెకి సమయం లేదు. ఎక్స్‌టెన్షన్ అప్పటికే ఒకసారి తీసుకుంది. రెండోది ఇవ్వరు. చదువు ఆగితే వీసా ఆగుతుంది, వీసా ఆగితే విమానమే.

మధ్యలో ఇంకో మనిషి ఉన్నాడు. యూనివర్సిటీ పశువైద్యుడు. ఆరడుగుల పైన ఎర్రగడ్డం. చాలా మర్యాదస్తుడు. జంతువులు హద్దు దాటి బాధపడకుండా చూడటం ఆయన ధర్మం. చేపలు మరీ అవస్థపడినా, ఒప్పుకున్న పద్ధతి ఎక్కడైనా తప్పినా, ప్రయోగం అక్కడితో ఆపి చేపలన్నిటినీ నొప్పి లేకుండా నిద్రపుచ్చేసే అధికారం ఆయనది. పద్ధతిలో ఒక నియమం ఎర్రక్షరాల్లో తలుపుకి అంటించి ఉంది. జబ్బుపడిన చేపలకి మేత వెయ్యరాదు.

ప్రయోగం జరిగిన వారం ఫిబ్రవరి చలి. గురువారం బాక్టీరియా తగిలించారు. శుక్రవారానికి చేపలు మందగించాయి. శనివారం నేను సెన్సర్లు చూడటానికి వెళితే తొట్లలో చేపలన్నీ నీళ్లు వచ్చే గొట్టం దగ్గర గుంపుకట్టి ఉన్నాయి. చెంపలు విప్పారి ఉన్నాయి. నోళ్లు తెరుస్తున్నాయి, మూస్తున్నాయి. గదిలో పంపు చప్పుడు తప్ప ఇంకేం లేదు. ముంచని తొట్లలో కొన్ని వెల్లకిలా తేలాయి. ముంచిన తొట్లలో ఇంకా తేలలేదు, కానీ ఏ క్షణమైనా తేలేట్టున్నాయి. డాక్టరమ్మ వేలు కోటు మీద ఎంత వేగంగా కొట్టుకుంటోందంటే కోటుకి అక్కడ చిల్లి పడింది.

"మందు పోయకూడదా మేడం?" అంది శ్రావణి. ఆ ప్రశ్న ఆమె అప్పటికి చాలాసార్లు అడిగినట్టుంది.

"పోస్తే బతుకుతాయేమో. అప్పుడు మందు ఏం చేసిందో తెలుస్తది. మొప్ప ఏం చేసిందో తెలీదు. మరీ అవస్థపడితే ఆ గడ్డపాయన ఉండనే ఉన్నాడు, ఆపేద్దాం. ఇంకా ఆ గీత దాకా రాలా. ఓర్చుకో."

"మనం ఏం చెయ్యొద్దా?"

"దీపం తగ్గించు, నీళ్లు పెంచు, చప్పుడు చేయకు. ఇంకేం చేసినా అడ్డంపడ్డట్టే."

శ్రావణి శుక్రవారంనుంచి ఇంటికెళ్లలేదు. తొట్ల మధ్య నడుస్తూనే ఉంది. నేను గుమ్మం దాటుతూ వెనక్కి చూస్తే ఆమె నోరు కూడా కొద్దిగా తెరుచుకుని ఉంది, చేపల్లాగే.

ఆదివారం పొద్దున మా ఆవిడ పెసరట్టు నా కంచంలో వేసిన సమయానికి నా ఫోన్ మోగింది. మూడో తొట్టిలో ఆక్సిజన్ పడిపోతోంది. ముంచిన తొట్లలో ఒకటి. మిగతా తొట్లన్నీ నిలకడగా ఉన్నాయి, అదొక్కటే దిగుతోంది. సెన్సరే చెడి ఉండాలని దండంపెట్టుకున్నాను. పెసరట్టు వదిలేసి ఐ-తొంభై ఆరు హైవే ఎక్కాను. దారంతా తెల్లగా మంచు. ముందు కారు బ్రేకుదీపాలు తప్ప ఏమీ కనిపించడం లేదు. నేను ఎప్పుడూ కారు నడిపేటప్పుడు పాటలు పెడతాను. ఆరోజు పెట్టలేదు.

నేను వెళ్లేసరికి డాక్టరమ్మ అక్కడుంది. కోటు కూడా విప్పలేదు. భుజాల మీద మంచు కరిగి కారుతోంది. మూడో తొట్టిమీద వంగి చూస్తోంది. శ్రావణి గోడకి ఆనుకుని ఉంది. నేను సెన్సర్ వైపు చెయ్యి చాపాను.

"సెన్సర్ బాగానే ఉందయ్యా" అంది డాక్టరమ్మ, తల తిప్పకుండా. "అడుగున చూడు."

తొట్టి అడుగున గోధుమరంగు గింజలు. చేపల మేత. కొన్ని చేపలు తిన్నాయి, మిగతాది అడుగుకి చేరి నానుతోంది. తిన్నది అరగాలన్నా ప్రాణవాయువు కావాలి. వాచిన మొప్పలతో ఉన్న ఊపిరే చాలక గొట్టం దగ్గర వేలాడుతున్న చేపలకి అది ఎక్కణ్నించి వస్తుంది? చెంపలు రెట్టింపు వేగంతో కొట్టుకుంటున్నాయి. ఒకటి పక్కకి ఒరిగి, మళ్లీ సర్దుకుని, మళ్లీ ఒరిగింది.

"నేనే ఏసిన మేడం" అంది శ్రావణి.

గోడవైపు చూస్తూ చెప్పింది. పొద్దున వాళ్లమ్మ వీడియో కాల్ చేసిందట. అప్పటికి రెండు రోజులుగా ఇంటికి రాని కూతురు ఏం చేస్తోందో చూపించమందట. శ్రావణి ఫోన్ తొట్టిమీద పెట్టింది. అక్కడ వరంగల్‌లో వాళ్లమ్మ ఆ నోళ్లు చూసి, "అయ్యో బిడ్డా, గవి నోర్లు తెరుస్తున్నయ్ సూడు. ఆకలైతుందేమో. ఎన్నొద్దులాయె పెట్టక? గింతంత ఏస్తే ఏమైతది" అందట.

"నాకు ఎరుకే మేడం. రూల్ నాకు మస్తు ఎరుక. డోర్ మీద పోస్టర్ నేనే అంటించిన. కానీ అమ్మ గట్లనంగనే, నాకు గూడ అవి అడుగుతున్నట్టే అనిపించింది. చెయ్యి దానంతటదే డబ్బాలకి పోయింది."

డాక్టరమ్మ అప్పుడు అరిచింది. ఆ అరుపు గురించి నేను చాలాచోట్ల చెప్పాను. పైకప్పు పలకలు రెండు ఊడి కిందపడ్డాయి. వరండాలో డబ్బులేస్తేగాని కదలని మిషన్ ఉచితంగా ఒక సోడా డబ్బా బయటికి తోసేసింది. పక్కగదిలో ఎలుకలమీద పరిశోధన చేసే చైనా కుర్రవాడు తన ఎలుకల్ని తీసుకుని పారిపోయాడు. "నోరు తెరిచిన ప్రతిదానికీ ముద్ద పెట్టేస్తావే! అది ఆకలి కాదే, ఊపిరి! ఊపిరే!" అని ఆవిడ అరుస్తుంటే, హ్యూరాన్ సరస్సులో గడ్డకట్టిన నీళ్లు పగిలిన చప్పుడు నాకు వినిపించింది.

అరుపు అయ్యాక ఆవిడ ఫోన్ తీసింది.

"మేడం, చెప్పకండి" అంది శ్రావణి. "ఆ సార్‌కి చెప్తే మొత్తం ఆపేస్తడు. నా చదువు పోతది. తొట్టి క్లీన్ చేస్త. ఎవ్వరికి తెల్వదు."

"చెప్పకపోతే, చచ్చిన ఆ చేపలు దేనికి చచ్చినట్టే?"

అని నంబరు నొక్కింది. గడ్డపాయనకి ఇంగ్లీషులో జరిగింది జరిగినట్టు చెప్పింది. ఒక తొట్టిలో మేత పడింది, మా గదిలో జరిగిన పొరపాటు, గదికి బాధ్యురాలిని నేను, ఆ తొట్టిని లెక్కలోంచి తీసేస్తున్నాను. అంతా విని ఆయన నెమ్మదిగా అన్నాడు. పద్ధతి తప్పింది కాబట్టి ఆయన ఇప్పుడే గది మొత్తం ఆపేయొచ్చు. కానీ ఆవిడంతట ఆవిడే చెప్పింది. అందుకని రేపు పొద్దున వస్తాడు. మూడో తొట్టిలో చేపలు అప్పటికీ గొట్టం దగ్గరే రొప్పుతుంటే అన్ని తొట్లూ ఆపేస్తాడు. తేరుకుంటే మిగతావి కొనసాగించవచ్చు.

శ్రావణి చదువంతా ఒక తొట్టిలోని చేపల చెంపల మీదికి వచ్చి ఆగింది.

డాక్టరమ్మ సన్నగొట్టంతో అడుగున ఉన్న మేతనంతా పీల్చేసింది. నీటి వరద పెంచింది. నన్ను గాలి బుడగల రాయి ఇంకోటి వేయమంది. దీపాలు తగ్గించింది. తరవాత ఒక బాల్టీ బోర్లించుకుని తొట్టి ముందు కూర్చుంది. వేలు తొడమీద కొట్టుకుంటోంది. నేను ఇంకో బాల్టీ బోర్లించుకున్నాను. నాకు నిశ్శబ్దం పడదు. అది మా ఇంట్లో కుర్చీలకి కూడా తెలుసు. అయినా సాయంత్రం నేను బయల్దేరేదాకా మా మధ్య నాలుగు మాటలు దొర్లలేదు. ఆవిడ వేలే మాట్లాడింది. టక్‌టక్‌టక్‌టక్. ఎప్పుడైనా కాస్త నెమ్మదిస్తే నేనూ శ్రావణీ ఒకరినొకరం చూసుకునేవాళ్లం. మళ్లీ వేగం అందుకుంటే నేలచూపులు చూసేవాళ్లం.

సోమవారం పొద్దున సెలవు పెట్టి వెళ్లాను. గడ్డపాయన నాకంటే ముందే వచ్చి తొట్టిమీద వంగి ఉన్నాడు. గడ్డం నీళ్లకి తగులుతోంది. శ్రావణి కళ్లు మూసుకుని నిలబడింది. నేను తొట్టివైపు చూడటానికి ధైర్యం చాలక డాక్టరమ్మ చేతివైపు చూశాను.

వేలు కొట్టుకుంటోంది. టక్. తరవాత ఖాళీ. టక్. తరవాత ఖాళీ.

అప్పుడు తొట్టివైపు చూశాను. చేపలు గొట్టాన్ని వదిలి తొట్టంతా పరుచుకున్నాయి. ఒకటి రెండు పోయాయి. మిగతావి నీటివాలుకి ఎదురుగా నిలబడి, చెంపలు తీరిగ్గా ఆడిస్తున్నాయి. రెండో కేక ఏ కణం వేసిందో తెలియదు, ఎప్పుడు వేసిందో తెలియదు. వేసింది మాత్రం ఖాయం.

ఆయన నిటారుగా నిలబడి గడ్డం తుడుచుకున్నాడు. "కొనసాగించండి" అన్నాడు.

మూడో తొట్టి లెక్కలోంచి పోయింది. మిగతా తొట్లు నిలిచాయి. ముంచిన చేపల మొప్పల్లో ఆ పాత జ్ఞాపకం ఉందనీ, వాపు తక్కువగా వచ్చి తొందరగా తగ్గిందనీ తేలింది. థీసిస్‌లో ఒకచోట, ఒక తొట్టికి పొరపాటున మేత వేయబడినందున దాన్ని మినహాయించామని రాసి ఉంటుంది. ఆ వాక్యం చెరిపేయనా అని శ్రావణి అడిగితే, "అదే అన్నిటికంటే నిజమైన వాక్యం, ఉండనీ" అందట డాక్టరమ్మ. ఆ పిల్ల ఇప్పుడు ఉత్తరాన ఒక చేపపిల్లల కేంద్రంలో ఉద్యోగం చేస్తోంది. కాస్త ఒళ్లు కూడా చేసింది. ఫ్యాన్ వేసినా నిలబడగలదు.

డాక్టరమ్మ పోయాక నోవైలో సంతాపసభ పెట్టుకున్నాం. అందరూ దిగాలుగా ఉన్నారని నేను లేచి ఆ ఆదివారం అరుపు కథ చెప్పాను. పైకప్పు పలకలు, సోడా డబ్బా, పారిపోయిన ఎలుకలు. ఆరోజు ఇంకో పలక అదనంగా ఊడింది కూడా. అందరూ కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. ఉత్తరంనుంచి అంత దూరం కారు నడుపుకుంటూ వచ్చిన శ్రావణి మాత్రం నవ్వలేదు. భోజనాల దగ్గర నా పక్కకొచ్చి, ఎవరికీ వినపడకుండా అంది.

"అంకుల్, మేడం ఆరోజు అరవలే."

అదీ సంగతి. నేను కల్పించింది అదే. మంచుట్రక్కువాడు నిజం. కావాలంటే వాణ్ని అడగండి. వాలంటీర్లు నిజం. ఒహాయోదాకా క్యూ దాదాపు నిజం. వరంగల్ తల్లి నిజం, మేత నిజం, ఆ ఫోన్ నిజం. అరుపొక్కటే అబద్ధం.

శ్రావణి "నేనే ఏసిన" అన్నాక డాక్టరమ్మ ఏమీ అనలేదు. మెడమీద నరం ఉబ్బింది. నోరు తెరిచింది. నేను చెవులు మూసుకోడానికి చేతులెత్తాను. ఆవిడ నోరు మూసేసింది. వేలు తొడమీద ఉరుకులు పెడుతోంది. అది చేపల లయ కాదు, ఆవిడదే. కాసేపటికి అది ఒకసారి ఆగి, నెమ్మదిగా, ఇంకా నెమ్మదిగా కొట్టుకుంది. అప్పుడు శ్రావణి వైపు తిరిగింది.

"చేపలకి పెట్టావు సరే. నువ్వు తిన్నావా?"

శ్రావణి తల అడ్డంగా ఊపింది. ప్రయోగశాలలో తిండి తినకూడదు కాబట్టి ఆవిడ ఆ పిల్లని వరండాలోకి తీసుకెళ్లింది. సంచీలోంచి తన పెరుగన్నం డబ్బా తీసి మూతతీసి చేతిలో పెట్టింది. "ముందిది తిను. ఫోన్ నేను చేస్తా" అంది. చెప్పొద్దని శ్రావణి బతిమాలింది నోట్లో ముద్దతోనే.

మరి అరిచిందని ఎందుకు చెప్పుకుంటూ వచ్చానంటే, అరుపునైతే ఎంతైనా పెంచుకోవచ్చు. పలకలు ఊడగొట్టొచ్చు, సరస్సులు పగలగొట్టొచ్చు. తొడమీద నెమ్మదించిన ఆ వేలిని పెంచి చెప్పడం మాత్రం నాకు ఇప్పటికీ చేతకాలేదు.